తోటలో గోల్ఫ్ కార్ట్ కింద తగులుతోంది, 6 అంగుళాల లిఫ్ట్ కిట్ వేయించాలా?

వైట్‌ఫీల్డ్_వాసు
శ్రీనివాసపుర దగ్గర మాకు మామిడి తోట ఉంది. నాన్నకి మోకాళ్ల నొప్పులు, తోటంతా నడిచి చూసుకోలేకపోతున్నారు. ఒక రిసార్టు వాళ్లు పాత బండ్లు అమ్మేస్తుంటే ఈజీ-గో టీఎక్స్‌టీ అనే మోడల్ గోల్ఫ్ కార్ట్ తీసుకున్నాను. 36 వోల్టుల ఎలక్ట్రిక్. వెనక్కి తిరిగి కూర్చునే సీటు కూడా ఉంది. అది వచ్చిన దగ్గర్నుంచి ఆయన ఇంట్లో నిలవడం లేదు.

ఇబ్బందల్లా కింద తగలడమే. చెట్ల పాదుల గట్లు, డ్రిప్ మెయిన్ లైను మీద పోసిన మట్టికట్ట, ఏది దాటినా కర్రుమంటుంది. వాన పడిందంటే ఎర్రమట్టిలో పొట్ట ఆనేసి వెనక చక్రాలు ఊరికే తిరుగుతాయి. కూలీలు వచ్చి తోయాలి.

బండిని పైకి లేపే 6 అంగుళాల లిఫ్ట్ కిట్, 22 అంగుళాల టైర్లు వేయిద్దామని ఉంది. వీడియోల్లో చూస్తే భలే ఉన్నాయి. బెంగళూరులో ఈ పని తెలిసినవాళ్లు ఎవరున్నారు? కిట్ బయటి దేశం నుంచి తెప్పించాలా, పీణ్య ఇండస్ట్రియల్ ఏరియాలో చేయించుకోవచ్చా? మామూలు మెకానిక్ చేయగలడా?

హెబ్బాళ్_జామ్
రెండు కిట్లు తెప్పించండి. ఒకటి నా కారుకి. ఆఫీసు బెళ్ళందూరు వైపు.

రాగిముద్ద_రమణ
@హెబ్బాళ్_జామ్ 2022 సెప్టెంబరు వరదల్లో సర్జాపుర రోడ్డు జనం ట్రాక్టర్లు ఎక్కి ఆఫీసుకి పోయారు గురూ. 6 అంగుళాలు ఏ మూలకి?

లేత్_బాబాయ్
వాసు గారూ, కిట్ సంగతి తర్వాత. కింద ఏది తగులుతోందో పడుకుని చూశారా?

ఎందుకు అడుగుతున్నానంటే, ఈ బండికి వెనక యాక్సిల్ ఒకటే గొట్టం. మధ్యలో డిఫరెన్షియల్ హౌసింగ్ (మోటారు తిప్పే బలాన్ని రెండు చక్రాలకి పంచే గేర్ల డబ్బా), దానికే మోటారు బిగించి ఉంటుంది. చక్రం ఎంత ఎత్తులో ఉంటే అది అంత ఎత్తులోనే ఉంటుంది. లిఫ్ట్ కిట్ చేసే పని యాక్సిల్ మీద నుంచి బాడీని పైకి లేపడం. 6 వేసినా 16 వేసినా డిఫరెన్షియల్ వెంట్రుకవాసి కూడా పైకి లేవదు! దాన్ని లేపేది టైరు ఒక్కటే. అదీ సగమే. 18 అంగుళాల టైరు తీసి 22ది వేస్తే వ్యాసంలో తేడా 4, కింద మీకు దక్కేది 2.

మరి కిట్ ఎందుకయ్యా అంటే, పెద్ద టైరు మడ్‌గార్డుకి రాసుకోకుండా చోటు కోసం. 3 అంగుళాల కిట్‌కి 20 టైరు, 6 అంగుళాల కిట్‌కి 22 లేదా 23 టైరు అని మామూలు లెక్క. ముందు వైపు సంగతి వేరే. అక్కడ స్పిండిల్ (చక్రం ఎక్కించే ఇరుసు ముక్క) మార్చే కిట్ అయితే యాక్సిల్ కూడా పైకి వస్తుంది.

తగిలేది డిఫరెన్షియలా, బాడీయా, ఇంకేదైనా వేలాడుతోందా అన్నది తేలితే ఖర్చు సగానికి సగం తగ్గొచ్చు.

జయనగర్_జ్యోతి
నాకు మెకానిజం తెలీదు గానీ ఒక్క మాట. బండి కొన్నది మోకాళ్ల నొప్పులున్న నాన్నగారి కోసం కదా? ఆరు అంగుళాలు పైకి లేపితే ఆయన ఎక్కేదెలా?

లేత్_బాబాయ్
@జయనగర్_జ్యోతి అక్కా, మంచి పాయింటు పట్టారు. ఆరు కూడా కాదు. కిట్ 6, టైరు వల్ల 2, మొత్తం 8 అంగుళాలు పైకి పోతుంది కాలు పెట్టే చోటు.

సీమ_చిన్నోడు
ఊరికే భయపెట్టకండి బాబాయ్. బాగేపల్లి దగ్గర మా మామ ఫామ్‌లో 6 అంగుళాలు లేపిన కార్ట్ ఉంది, 23 టైర్లు. రాళ్లల్లో, వంకల్లో దింపుతాం. ఏం కాలేదు. చూడ్డానికి జీపులా ఉంటుంది. పక్కన మెట్టు పెట్టించుకుంటే ముసలాయన ఎక్కలేడా?

గ్రీన్స్_గిరి
నేను గోల్ఫ్ కోర్సు వర్క్‌షాపులో పనిచేసినవాణ్ణి. ఇలాంటి బండ్లు రోజూ చేతిలో ఆడేవి.

చిన్నోడు గారి కార్ట్‌కి ఏం కాకపోవడానికి కారణం ఉంది. స్పిండిల్ కిట్ వేస్తే ముందు చక్రాలు బయటికి జరుగుతాయి. 23 అంగుళాల ఎత్తుండే వెడల్పాటి టైర్లకి వాడే రిమ్ములు కూడా బయటికే ఉంటాయి. బండి వెడల్పు పెరుగుతుంది కాబట్టి ఎత్తు పెరిగినా కొంతవరకు సర్దుకుంటుంది. కానీ పక్కవాలు మీద అడ్డంగా వెళ్తూ స్టీరింగ్ గట్టిగా తిప్పితే ఆ సర్దుబాటు సరిపోదు. కార్ట్‌కి తలుపుల్లేవు, చాలావాటికి బెల్టుల్లేవు. బండి ఒరిగితే మనిషి బయట పడతాడు, మీద బండి పడుతుంది. కుర్రాడు దూకేస్తాడు. పెద్దాయన దూకలేడు.

ఇంకోటి, వీటికి బ్రేకులు వెనక చక్రాలకే. కేబుల్‌తో లాగే డ్రమ్ములు. టైరు పెద్దదైతే అదే డ్రమ్ము ఎక్కువ పొడుగు మీద పనిచేయాలి. ఆగే దూరం పెరుగుతుంది.

వాసు గారూ, రిసార్టు బండి అన్నారు కదా. కమాన్లు (లీఫ్ స్ప్రింగులు) చూడండి. టీఎక్స్‌టీలో సీటు కింద 6 వోల్టుల బ్యాటరీలు 6 ఉంటాయి. ఒక్కోటి 28 కిలోల దాకా, అంటే దాదాపు 170 కిలోలు ఎప్పుడూ మోస్తూనే ఉంటుంది. దాని మీద వెనక సీటు తగిలించి, ఏళ్ల తరబడి లగేజీతో, మనుషులతో తిప్పి ఉంటారు. కమాన్లు సాగిపోయి, బుష్‌లు అరిగి, బండి వెనక కూలబడి ఉంటుంది. అదే అయితే మీకు కావలసింది లిఫ్ట్ కాదు, పోయిన ఎత్తు తిరిగి తెచ్చుకోవడం.

ఈవీ_పిచ్చి_శీను
గిరి గారు బ్రేకుల గురించి చెప్పారు, నేను మోటారు గురించి చెప్తా. 18 నుంచి 22కి వెళ్తే మోటారు ఒక చుట్టుకి బండి 22 శాతం ఎక్కువ దూరం పోతుంది. స్టాక్‌లో (ఏమీ మార్చకముందు) గంటకి 22 కిలోమీటర్లు పోయే బండి సమతలం మీద 27 దాకా పోతుంది. వినడానికి బాగుంది. కానీ నేలని తోసే బలం 18 శాతం తగ్గుతుంది. బురదలో, ఎత్తులో మోటారు నెమ్మదిగా తిరుగుతూ కరెంటు ఎక్కువ లాగుతుంది. కేబుళ్లు, సాలినాయిడ్ (మోటారుకి కరెంటు కలిపే స్విచ్), కంట్రోలర్ అన్నీ వేడెక్కుతాయి. పాత లెడ్ యాసిడ్ బ్యాటరీలైతే సగం తోటలోనే చేతులెత్తేస్తాయి.

20 టైరుతో ఆగితే ఈ నష్టం 10 శాతమే. 36 వోల్టుల బండికి నా ఓటు 20కే.

రాగిముద్ద_రమణ
నాన్నగారు గంటకి 27 కిలోమీటర్లతో తోటలో తిరుగుతుంటే కూలీలు ఒక్కరైనా చెట్టు కింద కునుకు తీస్తారా. అదీ లాభమే కదా.

కోరమంగళ_కమిటీ
మా అపార్ట్‌మెంటు కథ చెప్తా. పెద్దవాళ్లని గేటు నుంచి బ్లాకు దాకా తేవడానికి అసోసియేషన్ కార్ట్ కొంది. పాత కమిటీలో ఒకాయనకి ఆఫ్‌రోడ్ పిచ్చి. స్పీడ్ బ్రేకర్లు తగులుతున్నాయని వంక పెట్టి ఒక వర్క్‌షాపులో లేపించాడు. కార్ట్ గుర్రమెక్కిన పెళ్లికొడుకులా వచ్చింది. ఒక్క ముసలావిడ ఎక్కలేకపోయింది. సెక్యూరిటీ అతను ప్లాస్టిక్ స్టూలు వెంట పెట్టుకుని తిరిగేవాడు.

అక్కడితో అయిపోలేదు. వెనక బ్రేక్ కేబుల్ పొడుగు చాలక బిగుసుకుపోయి, బ్రేకులు ఎప్పుడూ కాస్త పట్టుకునే ఉండేవి. డ్రమ్ములు కాలిపోయేవి, చార్జింగ్ పొద్దున చేస్తే మధ్యాహ్నానికి ఖాళీ. తెరిచి చూస్తే కమాను మీద ఇనుప ముక్కలు రెండు పేర్చి వెల్డింగ్ చుక్కలు పెట్టారు. కొత్త కమిటీ మళ్లీ కిందికి దించింది. జనరల్ బాడీలో ఆ రెండు బిల్లుల మీద ఇప్పటికీ కొట్టుకుంటున్నారు.

పీణ్య_ప్లేట్
వెల్డింగ్ మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా, మాది ఫ్యాబ్రికేషన్ షాపే. వెనక బ్లాకులు, బ్రాకెట్లు, షాకిల్ పట్టీలు (కమాను చివర పట్టేవి) ఇక్కడ హాయిగా చేయొచ్చు. మంచి మందం ఎంఎస్ (మైల్డ్ స్టీల్) ప్లేటు లేజర్‌లో కోసి, వంచి, జింక్ పూత వేయిస్తే తుప్పు కూడా త్వరగా పట్టదు. యూ బోల్టులు (కమానుని యాక్సిల్‌కి పట్టి ఉంచేవి) బండ్ల విడిభాగాలమ్మే జేసీ రోడ్డులో కొలత ఇస్తే వంచి ఇస్తారు. బోల్టులు 8.8 గ్రేడుకి తగ్గకుండా తీసుకోండి, తల మీద అంకె ఉంటుంది.

ముందు స్పిండిల్ మాత్రం ఎవరు చేసిస్తామన్నా చేయించకండి. పాత స్పిండిల్ కోసి మధ్యలో ముక్క పెట్టి వెల్డింగ్ చేస్తామంటారు. చక్రం మొత్తం ఆ ముక్క మీద వేలాడుతుంది. గట్టు ఎక్కిన ప్రతిసారీ దెబ్బ దానికే. పగిలితే ముందు చక్రం మొత్తం ఊడిపోతుంది. మా దగ్గరికి ఎవరైనా ఆ పని మీద వస్తే వెనక్కి పంపేస్తాం.

సీమ_చిన్నోడు
మా మామ బండిది ఫ్యాక్టరీ కిట్టే, వెల్డింగ్ కాదు. అయినా అందరూ కలిసి నన్నే కుమ్ముతున్నారేంటి 😀

జయనగర్_జ్యోతి
@సీమ_చిన్నోడు మీ మామగారి వయసెంత?

సీమ_చిన్నోడు
@జయనగర్_జ్యోతి నలభై. సరే అక్కా, అర్థమైంది.

వైట్‌ఫీల్డ్_వాసు
ఆదివారం తోటకి వెళ్లాను. బాబాయ్ చెప్పినట్టు గోనె పరుచుకుని కింద దూరి చూశా.

1) వెనక సీటు వాళ్లు కాళ్లు పెట్టుకునే మడత పలక ఉంది కదా, దాని అంచు మెరుస్తోంది. రంగంతా పోయి ఇనుము తెల్లగా బయటపడింది. ఎక్కువసార్లు తగిలేది ఇదే. గట్టు ఎక్కి దిగేటప్పుడు తోక నేలకి కొడుతోంది.

2) డిఫరెన్షియల్ కింద కూడా గీతలున్నాయి, గ్రీజు మీద ఎర్రమట్టి గట్టకట్టి ఉంది. నేల నుంచి టేపు పెడితే నాలుగున్నర అంగుళాలు.

3) గిరి గారూ, మీరన్నది నిజం. వెనక ఎడమ వైపు కుడి కంటే అంగుళం పైనే కిందికి ఉంది. కమాను దాదాపు తిన్నగా అయిపోయింది, వంపే లేదు. బుష్ రబ్బరు పొడిపొడిగా రాలుతోంది.

అమ్మ ఇంకోటి చెప్పింది. బండి ఇప్పుడే తోతాపురి చెట్ల కింద కొమ్మలకి తగులుతోందట. కాయ బరువుకి కొమ్మలు ఇంకా వంగుతాయి కదా. పైకప్పు ఇంకో 8 అంగుళాలు లేస్తే కాయలన్నీ బండే కోసేస్తుంది అంటోంది. నేను చూసిన వీడియోల్లో మామిడి చెట్లు లేవు మరి.

రాగిముద్ద_రమణ
అమ్మగారిని ఈ వేదికలో చేర్పించండి. మనందరికంటే ముందే తేల్చేసేవారు.

గ్రీన్స్_గిరి
బాగుంది, ఇప్పుడు దారి కనిపిస్తోంది. నా వరస ఇది. ముందు వెనక కమాన్లు మార్చండి. టీఎక్స్‌టీకి హెవీ డ్యూటీ కమాన్లు వస్తాయి, వెనక సీటు పెట్టిన బండ్లకి వాడేవే. రెండు వైపులా ఒకేసారి, బుష్‌లతో సహా. ఎడమ ఒక్కటే మారిస్తే బండి ఇంకో పక్కకి ఒరుగుతుంది. ఆ పలక తోటలో మడిచి పైకి కట్టేయండి, లేదా బోల్టులు విప్పి షెడ్డులో పెట్టండి. వెనక ఎవరూ కూర్చోనప్పుడు దానితో పనేముంది?

దీనితోనే సగం గోల తగ్గుతుంది. వారం వాడి చూడండి. అప్పటికీ డిఫరెన్షియల్ తగులుతుంటే 3 అంగుళాల కిట్, 20 టైర్లు. కింద ఒక అంగుళం కలిసి నాలుగున్నర కాస్తా అయిదున్నర అవుతుంది. నాన్నగారికి 4 అంగుళాలు ఎక్కువ ఎక్కాలి, పక్కన ఒక అడుగుమెట్టు బిగిస్తే సరిపోతుంది.

ఒక్కటి మర్చిపోయాను. ఈజీ-గోది ఉక్కు ఫ్రేము. బ్యాటరీ యాసిడ్ చిమ్మి చిమ్మి ట్రే కింద తుప్పు పడుతుంది. కమాను బ్రాకెట్లు ఫ్రేముకి కలిసే చోట స్క్రూడ్రైవర్‌తో గుచ్చి చూడండి. పొలుసులు రాలితే పర్లేదు, లోపలికి దిగితే కిట్ మాట మర్చిపోయి ముందు పీణ్య గారి దగ్గరికి వెళ్లండి.

కోలారు_కరెంట్
ఇన్ని ఎందుకు సార్. మట్టికట్ట తవ్వి పైపు అడుగు లోతుకి దింపి మూసేస్తే పోలా? పాదుల మధ్య బండి దారి ఒకటి వదిలి చదును చేయించండి. జేసీబీ గంట పని. మేం చింతామణి దగ్గర తోటలో అదే చేశాం, ట్రాక్టరుకీ పనికొచ్చింది.

లేత్_బాబాయ్
@కోలారు_కరెంట్ ఈ దారంలో (థ్రెడ్‌లో) అన్నిటికంటే చవకైన సలహా ఇదే. కాకపోతే వేర్ల మీద జేసీబీ నడపొద్దు. పెద్ద చెట్ల దగ్గర మనుషుల చేతే చేయించండి.

వైట్‌ఫీల్డ్_వాసు
పైపు దింపడం వచ్చే వేసవిలో ఎలాగూ చేయాలి. దారి చదును చేయిస్తాను, కానీ వానలో ఎర్రమట్టి సంగతి అలాగే ఉంటుంది. ఒకవేళ 3 అంగుళాలకే వెళ్తే, పని ఎలా జరుగుతుందో చెప్తారా? మా ఊరి మెకానిక్ ట్రాక్టర్లు, ఆటోలు చేస్తాడు. చెయ్యి మంచిదే, కార్ట్ ఎప్పుడూ ముట్టుకోలేదు.

గ్రీన్స్_గిరి
ట్రాక్టరు చేసే చేతికి ఇది లెక్కలో పని కాదు. తెలియాల్సింది కరెంటు సంగతి.

సీటు ఎత్తితే రన్ (నడపడానికి), టో (లాక్కెళ్లడానికి) అని స్విచ్ ఉంటుంది. దాన్ని టోలో పెట్టి, తాళంచెవి తీసి, బ్యాటరీల వరసలో మెయిన్ నెగటివ్ కేబుల్ విప్పి పక్కకి కట్టేయండి. చేతికి ఉంగరం, కడియం ఉంటే తీసేయమనండి. స్పానర్ పిడికి టేపు చుట్టండి. ఆ స్పానర్ రెండు టెర్మినళ్ల మీద పడిందంటే అక్కడే అతుక్కుని ఎర్రగా కాలుతుంది. దగ్గర్లో బీడీ వెలిగించొద్దు, చార్జింగ్ పెట్టి తీసిన బ్యాటరీ పైన హైడ్రోజన్ ఉంటుంది.

వెనక నుంచి మొదలెట్టండి. చక్రం నట్లు బండి నేల మీద ఉండగానే కాస్త వదులు చేయాలి. ముందు చక్రాలకి అడ్డు పెట్టి, జాకీతో లేపి ఫ్రేము కింద స్టాండ్లు పెట్టండి. డిఫరెన్షియల్ కింద ఇంకో జాకీ ఉండాలి, ఎందుకంటే యూ బోల్టులు, షాక్ అబ్జార్బర్ కింది బోల్టులు తీయగానే యాక్సిల్ మోటారుతో సహా వేలాడుతుంది. దాన్ని మెల్లగా దించుతూ ఇద్దరు రెండు వైపులా చూడాలి. ఒకరు బ్రేక్ కేబుల్‌ని, ఇంకొకరు మోటారు కేబుళ్లని. ఎక్కడైనా బిగుతుగా లాగుతుంటే ఆపండి. కేబుల్ పట్టి ఉంచే క్లిప్పు వదులు చేస్తే తరచుగా సరిపోతుంది, లేకపోతే పొడుగు కేబుల్ వేయాలి. కమిటీ గారి డ్రమ్ములు కాలింది ఇక్కడే. తర్వాత కిట్‌లో వచ్చిన బ్రాకెట్లు బిగించడం. పాత యూ బోల్టులు మళ్లీ వాడొద్దు.

ముందు వైపు: హబ్ మూత తీసి, స్ప్లిట్ పిన్ లాగి, క్యాజిల్ నట్ విప్పితే హబ్ చేతికి వస్తుంది. బేరింగులు కిరోసిన్‌లో కడిగి చూడండి. గుంటలు పడితే మార్చేయండి, జేసీ రోడ్డులో నంబరు చూపిస్తే ఇస్తారు. టై రాడ్ (ముందు చక్రాల్ని స్టీరింగుకి కలిపే కడ్డీ) చివర్లు సుత్తితో నేరుగా కొట్టకండి, మర చెడుతుంది. స్పిండిల్ మార్చి కొత్త గ్రీజు పెట్టి హబ్ ఎక్కించి, నట్ బిగించి, చక్రం చేత్తో తిప్పితే స్వేచ్ఛగా తిరగాలి, పట్టుకుని ఊపితే ఆట ఉండకూడదు. స్ప్లిట్ పిన్ కొత్తది. పది రూపాయల పిన్ దగ్గర పొదుపు చేయొద్దు.

చివరికి అలైన్‌మెంట్. ఇది చేయకపోతే కొత్త టైర్ల లోపలి అంచు ఒక్క సీజన్లో నున్నగా అయిపోతుంది. బండిని నేల మీద దించి, పది అడుగులు ముందుకి తోసి, స్టీరింగ్ తిన్నగా పెట్టి, ముందు రెండు టైర్ల మధ్య దూరం కొలవండి. టైరు ముందు అంచు దగ్గర ఒకసారి, వెనక అంచు దగ్గర ఒకసారి, రెండూ ఇరుసు ఎత్తులోనే. ముందు కొలత వెనక దానికంటే 3 నుంచి 6 మిల్లీమీటర్లు తక్కువ ఉండాలి. టై రాడ్ తిప్పి సరిచేసుకోవచ్చు.

పీణ్య_ప్లేట్
గిరి గారు రాసింది ప్రింట్ తీసి మెకానిక్‌కి ఇవ్వండి.

ఈవీ_పిచ్చి_శీను
ఒక్కటి కలుపుతా. మెయిన్ నెగటివ్ తిరిగి పెట్టేటప్పుడు స్విచ్ ఇంకా టోలోనే ఉండాలి. కేబుల్ బిగించాక రన్‌లోకి. తర్వాత వెనక చక్రాలు గాల్లో ఉండగా ముందుకి, వెనక్కి తిప్పి చూశాకే కిందికి దించండి.

కోరమంగళ_కమిటీ
కిట్ బయటినుంచి తెప్పిస్తే ఎలా ఉంటుందో ఎవరికైనా అనుభవం ఉందా? మా పాత కమిటీ ఆ మాటే ఎత్తలేదు.

లేత్_బాబాయ్
ఇనుము కదా, బరువుకి షిప్పింగు, మీద కస్టమ్స్. కిట్ ధర చూసి సంతోషపడొద్దు, ఇంటికి చేరేసరికి ఎంతవుతుందో చూడాలి. ఇంకో చిక్కు, టీఎక్స్‌టీ ముందు సస్పెన్షన్ 2001 మధ్యలో మారింది. దానికి ముందు బండ్ల కిట్లు వేరు, తర్వాతవి వేరు. రిసార్టు వాడు చెప్పిన సంవత్సరం నమ్మొద్దు. బండి మీద సీరియల్ నంబరు ప్లేటు ఉంటుంది, దాన్ని చూసి ఆర్డరు పెట్టండి. తప్పు కిట్ వస్తే వెనక్కి పంపే ఖర్చుకి ఇంకో కిట్ వస్తుంది.

వకీల్_సాబ్_బసవనగుడి
ఎవరూ అడగలేదు కానీ చెప్తున్నా. తోట లోపల ఎంత లేపుకున్నా మీ ఇష్టం. మోటారు వాహనాల చట్టం, 1988లో సెక్షన్ 2(28) చూడండి. మూసి ఉన్న ఆవరణలో మాత్రమే వాడటానికి తయారైన ప్రత్యేక తరహా బండి 'మోటారు వాహనం' కిందికి రాదు. ఆ ఆవరణ దాటి ఊరి రోడ్డెక్కితే ఆ మినహాయింపు పోయినట్టే. రిజిస్ట్రేషన్ లేదు, ఇన్సూరెన్స్ లేదు, ఎవరికైనా తగిలితే మొత్తం మీ మెడకే. పెద్ద టైర్లేశాక టీ కొట్టు దాకా వెళ్లొద్దామనిపిస్తుంది, జాగ్రత్త.

వైట్‌ఫీల్డ్_వాసు
@వకీల్_సాబ్_బసవనగుడి నాన్న ఆల్రెడీ టీ కొట్టు దాకా వెళ్తున్నారండీ...

వకీల్_సాబ్_బసవనగుడి
నేను చదవలేదు.

హెబ్బాళ్_జామ్
😂😂

జయనగర్_జ్యోతి
వాసు, నవ్వులాట కాదు. చీకటి పడ్డాక అయితే అసలు పంపకు.

వైట్‌ఫీల్డ్_వాసు
లేదక్కా, తాళంచెవి అమ్మ దగ్గర పెట్టించాను ఇప్పుడు.

అప్‌డేట్. ఫ్రేము గుచ్చి చూశాం, గట్టిగానే ఉంది, పైన పొలుసులంతే. హెవీ డ్యూటీ కమాన్లు, బుష్‌లు వేయించాం. వెనక పలక విప్పేశాం. బండి వెనక స్పష్టంగా లేచింది, ఎడమ కుడి సమానంగా నిలబడింది. పాదుల గట్ల మీద ఇప్పుడు చప్పుడు లేదు. మట్టికట్ట మీద మాత్రం డిఫరెన్షియల్ ఇంకా ఒరుసుకుంటోంది, అది పైపు దింపితే పోతుంది.

కాబట్టి కిట్ ప్రస్తుతానికి ఆపాను. మిగిలింది బురద ఒక్కటే. రిసార్టు వాళ్లు వేసిన నున్నటి టర్ఫ్ టైర్లే ఉన్నాయి.

గ్రీన్స్_గిరి
టర్ఫ్ టైర్లు గడ్డి చెడకుండా చేసినవి. గాడులు ఉండీ లేనట్టు ఉంటాయి, ఎర్రమట్టి నిండితే ఇక పట్టు ఉండదు. అదే 18 అంగుళాల సైజులో, అదే 8 అంగుళాల రిమ్ముకి లోతు గాడుల టైర్లు దొరుకుతాయి. కిట్ అక్కర్లేదు, మోటారుకి భారం లేదు. మొదట వెనక చక్రాలవి మార్చండి. గాలి మరీ గట్టిగా కొట్టించకండి, టైరు పక్కన రాసిన గరిష్ఠం కంటే తక్కువే ఉంచితే బురదలో బాగా పరుచుకుంటుంది.

సీమ_చిన్నోడు
ఇంత చదివాక చివరికి లిఫ్టే లేదా! పాప్‌కార్న్ వేస్టు.

ఎలహంక_ఎల్లయ్య
మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. మా దగ్గర క్లబ్ కార్ ఉంది, 48 వోల్టులది. ఇక్కడ చెప్పిన 3 అంగుళాల కిట్ దానికి పడుతుందా?

లేత్_బాబాయ్
@ఎలహంక_ఎల్లయ్య పడదు. ఒక కంపెనీ కిట్ ఇంకో కంపెనీకి కాదు, ఒకే కంపెనీలో కూడా మోడల్ మారితే కాదు. దానిది అల్యూమినియం ఫ్రేము కాబట్టి తుప్పు భయం తక్కువ, కానీ దాని మీద ఎవరినీ వెల్డింగ్ చేయనివ్వకండి. మోడల్ పేరు, సీరియల్ నంబరు, కింద ఏది తగులుతోందో ఫొటోతో కొత్త దారం తెరవండి. పడుకుని తీయండి ఫొటో, నిలబడి కాదు.

ఎలహంక_ఎల్లయ్య
తగలడం కాదు బాబాయ్, మా అబ్బాయికి స్టైలుగా ఉండాలట.

సీమ_చిన్నోడు
@ఎలహంక_ఎల్లయ్య అన్నా, కొత్త దారం తెరువు. నేనొస్తున్నా.